రెండో కాపీ

లైల్ కంగాస్ అమెరికాలో హ్యాంకాక్ అనే ఊరి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఊళ్లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా అతనికే ఫోన్ వచ్చేది. అందుకే బావ వెర్న్ పోయాక, అక్క ఆర్డిస్ ఇంటి జమాఖర్చుల వ్యవహారం తాను చూసుకుంటానని ఎవరూ అడక్కుండానే ముందుకొచ్చాడు.

వెర్న్ ఆ లెక్కలన్నీ కంప్యూటర్లో ఒక ప్రోగ్రాంలో రాసేవాడు. అతను పోయాక ఆర్డిస్ పట్టుబట్టి అది నేర్చుకుంది. డెబ్బై దాటిన మనిషి. ప్రతి ఖర్చు పక్కనా చిన్న మాట రాసేది. మంచు తోసినాయన, చలిలో పాపం. జానెట్‌తో కాఫీ, నవ్వలేక చచ్చాం. ఇలా.

లైల్ ఆ ఫైల్‌ని తీసి, ఇంటర్నెట్లో దాచే క్లౌడ్ ఫోల్డర్లో పెట్టాడు.

"ఇక్కడుంటే నువ్వు రాసింది మా ఇంట్లోనూ కనబడుతుందక్కా. ఏదైనా తేడా వస్తే నేను చూసుకుంటా."

"ఇద్దరం ఒకేసారి తెరిస్తే ఏమీ కాదా?"

"అవన్నీ నాకొదిలెయ్," అన్నాడు. నిజానికి ఆ సంగతి అతను ఆలోచించనే లేదు.

ఆ శీతాకాలమంతా ఆమె రాసుకుంటూ పోయింది. మార్చిలో పన్నుల పని పడి ఫైల్ తెరిస్తే, క్రిస్మస్ తర్వాత రాసినవేవీ లేవు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి కింది గదిలో అందరూ కాఫీకి కూర్చున్నప్పుడు తమ్ముడికి చెప్పింది.

"ఏదో నొక్కేసుంటావక్కా," అన్నాడు లైల్, బల్లంతా వినేలా. "తెలీని చోట వేలు పెట్టొద్దని చెప్పానా లేదా?"

పక్కనున్న జానెట్ నవ్వింది. ఆమెను చూసి ఇంకొందరు నవ్వారు. ఆర్డిస్ మొహం ఎర్రబడింది.

"నొక్కే ఉంటాను," అంది.

మర్నాడు లైల్ తీరిగ్గా ఇంట్లో కూర్చుని వెతికాడు. క్లౌడ్ చెత్తబుట్టలో ఆ ఫైలుకి రెండో కాపీ ఒకటి కనిపించింది. చెరిపిందెవరో పక్కనే రాసుంది. అతని పేరే.

అప్పుడు గుర్తొచ్చింది. తన ల్యాప్‌టాప్‌లో ఆ ఫైల్‌ని తెరిచి వారాల తరబడి మూయకుండా వదిలేశాడు. అక్కడ ఆమె రాస్తోంది, ఇక్కడ ఇతనిది తెరిచే ఉంది. ఏది అసలుదో తేల్చుకోలేక క్లౌడ్ రెండూ దాచింది. ఈమధ్యే ఒకరోజు ఫోల్డర్ సర్దుతూ, ఇంచుమించు ఒకే పేరుతో రెండున్నాయేమిటని, తెరిచి చూడకుండా ఒకటి తీసి పారేశాడు. అక్క రాసుకున్నదంతా అందులోనే ఉంది.

కాపీని వెనక్కి తెచ్చి తెరిచాడు. అన్నీ ఉన్నాయి. జనవరిలో ఒకచోట ఇలా ఉంది: లైల్‌కి చేతి తొడుగులు, వాడి చేతులెప్పుడూ చల్లగానే ఉంటాయి.

ఫోన్ చేశాడు. "దొరికిందక్కా."

"బతికించావురా," అంది ఆర్డిస్. "నా మూలంగా నీకెంత పని పడింది."

అప్పుడే చెప్పాల్సింది. "పర్లేదులే," అన్నాడు.

మరుసటి ఆదివారం ఆమె యాలకుల రొట్టె చేసి తెచ్చింది. నేను పాడుచేస్తే మా తమ్ముడు బాగుచేశాడని బల్ల దగ్గర అందరికీ చెప్పింది. లైల్ తల వంచుకుని తిన్నాడు. వెళ్లబోతుంటే అతని చేతిలో ఓ చీటీ పెట్టింది. అందులో ఆమె కంప్యూటర్ పాస్‌వర్డ్ ఉంది.

"ఇక నువ్వే చూసుకోరా. నేను దాని జోలికి పోను."

కాగితాలు తీసుకురావడానికి బుధవారం ఆమె ఇంటికెళ్లాడు. కంప్యూటర్ మీద గుడ్డ కప్పి ఉంది. రసీదులన్నీ ఒక చెప్పుల డబ్బాలో వేసిపెట్టింది. చేతిలో పెట్రోలు రసీదు పట్టుకుని అడిగింది.

"ఇది కూడా ఇందులోనే వెయ్యనా? ఏదైనా నిన్నడిగే చేద్దామని."

ఆమె జీవితంలో ఎవరినీ ఏదీ అడిగి చేసే మనిషి కాదు. లైల్ కుర్చీలో కూర్చుండిపోయాడు.

"అక్కా, నువ్వేం నొక్కలేదు. ఆ కాపీ చెరిపింది నేను."

జరిగిందంతా చెప్పాడు. ఆమె పొయ్యి ఆపి వచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎప్పుడు తెలిసింది?"

"నీకు ఫోన్ చేసిన రోజే. చేసేముందే."

"అంటే రొట్టె తినేప్పటికి తెలుసన్నమాట."

"తెలుసు."

"ఫైల్ పోతే పోయేది," అంది ఆర్డిస్. "అమ్మకి చివర్లో అలా మతి తప్పింది కదా. నాకూ మొదలైందేమో అనుకున్నాను. ఏం నొక్కానా అని రోజూ గుర్తుచేసుకునేదాన్ని. ఎంతకీ గుర్తురాకపోతే భయమేసింది. డాక్టర్ని కూడా అడిగాను, చూపించుకోవడానికి ఎప్పుడు రమ్మంటారని."

లైల్ క్షమించమని అడిగాడు. ఆ మాట అన్న తీరు అతనికే నచ్చలేదు.

"నన్ను ఎక్కడ అన్నావో అక్కడే చెప్పు," అంది.

ఆదివారం కాఫీ బల్ల దగ్గర లేచి నిలబడ్డాడు.

"మా అక్క తప్పేం చెయ్యలేదు. పాడుచేసింది నేను. అది తెలిశాక కూడా అక్క నన్ను మెచ్చుకుంటుంటే వింటూ కూర్చున్నాను."

"రొట్టె కూడా తిన్నావు," అంది జానెట్. ఈసారి ఎవరూ నవ్వలేదు. జానెట్ కూడా కప్పులోకి చూసుకుంది. ఆర్డిస్ కాఫీ కలుపుకుంటూ కూర్చుంది గానీ, తమ్ముణ్ని ఆదుకునే మాట ఒక్కటీ అనలేదు.

ఆ సాయంత్రం ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చున్నారు. లైల్ చెయ్యి అలవాటుగా మౌస్ మీదికి వెళ్లింది. ఆమె మౌస్ పక్కకి లాక్కుంది.

"నువ్వు చెప్పు చాలు. చేసేది నేను."

చెప్పాడు. రాసుకునే ఫైల్ ఈ కంప్యూటర్లోనే ఉండాలి, క్లౌడ్ ఫోల్డర్లో కాదు. రాయడమయ్యాక ప్రోగ్రాం పూర్తిగా మూసెయ్యాలి. మూశాకే ఒక కాపీ తీసి, తేదీ పేరులో పెట్టి, క్లౌడ్‌లో వెయ్యాలి. ఇంకోటి పెన్‌డ్రైవ్‌లో. ఆ కాపీల్లో ఎప్పుడూ రాయకూడదు, అవి దాచుకోవడానికే.

"మొదట్లోనే ఇలా ఎందుకు పెట్టలేదు?"

"నాకన్నీ తెలుసనుకున్నాను."

ఆమె ఒక్కొక్కటే చేసుకుంటూ వెళ్లింది. తర్వాత పాస్‌వర్డ్ మార్చాలి, అటు తిరగమంది. లైల్ కిటికీ వైపు తిరిగాడు. వెనకాల ఆమె నెమ్మదిగా అక్షరాలు వెతుక్కుంటూ నొక్కడం వినిపిస్తోంది. మార్చడం అయిపోయాక కూడా ఆ చప్పుడు ఆగలేదు. ఆ వారం రసీదులు ఎక్కించుకుంటోంది. లైల్ కోటు వేసుకుని, వెళ్లాలో ఉండాలో తేలక కాసేపు అక్కడే నిలబడ్డాడు.

"వెళ్లేటప్పుడు తలుపు గట్టిగా లాగు," అంది ఆర్డిస్ తెర మీంచి చూపు తిప్పకుండానే. "చలి లోపలికొస్తోంది."

తలుపు లాగి వెళ్లి కారులో కూర్చున్నాడు. చాలాసేపటి దాకా స్టార్ట్ చెయ్యలేదు.