గులాబీలో నారింజ గీత

చెయ్యాల్సిన పనులివీ: కర్టెన్లు ఉతకాలి. అత్తగారి గదిలో గుడ్డి బల్బు తీసేసి మంచిది పెట్టాలి. మెట్ల దగ్గర అడ్డంగా పడున్న పాత మోటారు అక్కణ్ణించి కదలాలి. దిండ్లకి ఉతికిన గలీబులు తొడగాలి. అద్దాల బీరువాలో ఉన్న పళ్ళేలు తుడవాలి.

భార్య గుమ్మంలో చెప్పులేసుకుంటూ ఇవన్నీ అప్పజెప్పింది. పక్కనే అత్తగారు చేతిసంచీ పట్టుకుని, పెళ్ళికి బయల్దేరినంత హుషారుగా నిలబడి ఉంది. ఆవేళ ఆవిడ కుడికంటికి శుక్లం ఆపరేషను.

"తుడవడమంటే మెత్తటి గుడ్డతో, అల్లుడుగారూ. మీ మిషన్లని తుడిచినట్టు కాదు."

"మీరు నిశ్చింతగా వెళ్ళిరండి అత్తయ్యా. తిరిగొచ్చేసరికి ఇల్లు తళతళలాడుతుంది చూడండి."

అల్లుడు బట్టలుతికే మిషన్లూ గిన్నెలు కడిగే మిషన్లూ బాగుచేసే మెకానిక్కు. చేత్తో చేసే ఏ పనైనా మిషను ఇంకాస్త బాగా చేస్తుందని అతని గట్టి నమ్మకం. కిందటేడు ఎవరో పారేస్తున్న గిన్నెల మిషన్ని మోసుకొచ్చి, నట్టు నట్టూ విప్పి బిగించి, కొత్తదానిలా చేసి అత్తగారికి ఇచ్చాడు. ఆవిడ దాన్ని ఎగాదిగా చూసి, "రేడియో పెట్టుకోవడానికి ఎత్తు సరిగ్గా సరిపోయింది బాబూ" అంది. ఆనాటినుంచీ పైన రేడియో మోగుతూనే ఉంది, కింద మిషను మాత్రం నోరు విప్పింది లేదు. అల్లుడు పైకి నవ్వేసినా ఆ మాట అతనికి లోపలెక్కడో గుచ్చుకునే ఉంది.

మధ్యాహ్నానికి మిగతా పనులన్నీ అయిపోయాయి. పళ్ళేలు మిగిలాయి. ఇంగ్లండులో తయారైన పాతకాలం పింగాణీ. వెలుగుకి ఎత్తిపట్టి చూస్తే వెనకనున్న వేళ్ళ నీడ కనిపించేంత పల్చన. అంచున సన్నటి బంగారు గీత, మధ్యలో పూలు. అచ్చు వేసినవి కావు, చేత్తో వేసినవి. అందుకే ఏ పళ్ళెం పువ్వు ఆ పళ్ళానిదే. ఒకదాంట్లో నీలిపూల గుత్తి ఉంది, ఇంకోదాంట్లో పచ్చటి పూలతీగ పాకింది. అన్నిట్లోకీ పెద్దది ఎర్రగులాబీ.

ఆ గులాబీ మధ్యలో, వెంట్రుక మందాన, నారింజరంగు గీత ఒకటి కనిపించింది అతనికి. తుప్పు మరక అనుకున్నాడు. తుప్పంటే అతనికి పుట్టుశత్రువు. గుడ్డతో రుద్దాడు, పోలేదు. గోటితో గీకాడు, కదల్లేదు. అప్పుడు అతని చూపు మిషన్ మీద పడింది.

రేడియో దించాడు. ఒక్కదానికోసం ఎందుకులే అని పళ్ళేలన్నీ సర్దాడు. పనిసంచీలోంచి హోటలు మిషన్లకి వాడే ఘాటు పౌడరు తీసి వేశాడు. మిషను ఎంత హాయిగా నడిచిందంటే, దాని పక్కనే నిలబడి ఈల కూడా వేశాడు. ఈసారి అత్తగారు రేడియోకి వేరే చోటు వెతుక్కోవలసిందే!

తలుపు తెరిచాడు. గుప్పున ఆవిరి కొట్టింది. ఆవిరి పల్చబడ్డాక చూస్తే తుప్పు మరక పోయింది. దాంతోపాటే బంగారు గీతలూ పోయాయి. ఎర్రగులాబీ, పాలల్లో ఒక్కచుక్క రంగు పడినట్టు వెలవెలబోయింది. ఆకులు బూడిదరంగుకి తిరిగాయి. నీలం ఒక్కటే కాస్త తట్టుకుని నిలబడింది.

సాయంత్రం అత్తగారు కంటికి కట్టుతో వచ్చి పడుకుంది. వంటింట్లో భార్య పళ్ళేలు చూసి గొంతు తగ్గించింది. "తుడవమన్నాం కదండీ. ఉడకబెట్టమన్నామా?"

"తుప్పు మరకనుకున్నానే. గులాబీ మధ్యలో, నారింజరంగులో..."

ఆమె స్టూలు మీద కూలబడింది. "దాన్ని మీరు చూశారా?"

"చూశాను గనకే కదా ఈ పాట్లన్నీ!"

అప్పుడు చెప్పింది. అత్తగారికి కుట్టుపని నేర్పినావిడ మెడలో ఎప్పుడూ దారాల చుట్టలు వేలాడుతుండేవట. అందుకని అందరూ ఆవిణ్ణి దారాలమ్మ అనేవారు. ఈ పళ్ళేలు ఆవిడవే. పళ్ళెం ఎదురుగా పెట్టి, చూసి కుట్టమనేది. గులాబీకి లోపల ముదురు ఎరుపు, అంచులకి వచ్చేసరికి లేత ఎరుపు, నడుమ ఒకే ఒక్క నారింజ పోగు. ఆ పోగు లేకపోతే పువ్వుకి ప్రాణం రాదనేది.

"అమ్మకి ఆ గీత ఎన్నడూ కనపడలేదండీ. అప్పుడు చూపు అంతంతమాత్రం, అద్దాలు కొనిచ్చే దిక్కు లేదు. దారాలమ్మ ఉందంటే ఉందని కుట్టింది. ఆవిడ పోతూ పోతూ పళ్ళేలు అమ్మకే ఇచ్చింది గానీ, అప్పటికే శుక్లం కమ్మేసింది. రేపు కట్టు విప్పగానే ముందు చూసేది ఆ గీతేనట. డాక్టరుగారితో కూడా చెప్పింది, నన్ను వేళ్ళు లెక్కపెట్టమనకండి, నాకు వేరే పనుంది అని."

"ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తాను."

"వద్దు. ఏడిస్తే కంటికి మంచిది కాదన్నారు. మీరు నోరు మెదపకండి."

తెల్లారింది. డాక్టరుగారు చెప్పినట్టు ఇంట్లోనే కట్టు విప్పారు. అత్తగారు రెప్పలార్పి చుట్టూ చూసింది. "గోడలు ఇంత తెల్లగా ఉన్నాయేమిటి? నేను పసుపు రంగు వేయించాననుకుంటున్నానే!" ఇటు తిరిగింది. "అయ్యో, అల్లుడుగారూ, జుట్టంతా ఏమైపోయింది?"

భార్య నవ్వింది. అతనికి నవ్వు రాలేదు.

పళ్ళేలు తెమ్మంది. నీలిపూలు చూసి, "అబ్బ! ఎంత నీలమే తల్లీ! ఇన్నేళ్ళూ టీ నీళ్ళలోంచి చూశానన్నమాట" అని మురిసిపోయింది. మంచం పక్కన భార్య అతని కాలు తొక్కింది. ఊరుకోండి, గండం గడిచేలా ఉంది అని దాని అర్థం.

తర్వాత గులాబీ పళ్ళెం. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. వేలితో తడిమింది.

"లేదే!"

పళ్ళేన్ని కంటికి ఇంకా దగ్గరగా పట్టుకుంది.

"గీతా లేదు, ఎరుపూ లేదు. ఎంత లేతరంగో చూడు. పాపం, దారాలమ్మ చూపు కూడా నాలాంటిదే అయ్యుంటుంది. లేకపోతే పిల్లలం మురిసిపోతామని ఉత్తినే చెప్పిందేమో." గులాబీ మీద మళ్ళీ వేలు పెట్టి, "నేను కూడా ఎంతమందికి నేర్పానూ, లేనిదాన్ని పట్టుకుని" అని నవ్వబోయింది. పళ్ళేన్ని బోర్లించి పెట్టింది.

భార్య ఇంకా కాలు తొక్కుతూనే ఉంది. అతను ఊరుకుంటే చాలు, మాటపడకుండా బయటపడిపోతాడు. కానీ తను చేసిన పనికి, తిరిగి జవాబు చెప్పుకోవడానికి కూడా లేని మనిషి మీద అబద్ధాలకోరన్న మచ్చ పడుతోంది. అది మింగుడు పడలేదు.

"ఉంది అత్తయ్యా."

"ఏమిటి ఉంది?"

"ఆ గీత. నిన్న మధ్యాహ్నందాకా ఉంది. నా కళ్ళతో చూశాను. తుప్పనుకుని గీకాను, పోలేదని మిషన్లో వేశాను. గులాబీ కూడా ఎరుపే. లోపల ముదురు, అంచుల్లో లేత. నేను పాడుచేశాను."

ఆవిడ అతనివైపే చూసింది. కొత్త కన్ను చురుగ్గా ఉంది.

"ఎంత పొడుగుంది?"

"బియ్యపుగింజంత."

"నిలువుగానా, అడ్డంగానా?"

"కొంచెం వంపుగా, ఎడమనుంచి పైకి."

"పైకి పోయేకొద్దీ లావెక్కిందా?"

"లేదత్తయ్యా. సన్నబడింది."

అత్తగారు గట్టిగా ఊపిరి వదిలి మంచమ్మీద కూర్చుంది. "అలాగే కుట్టించింది నాచేత" అంది మెల్లగా. ఆ వెంటనే గొంతు పెంచింది. "మీకసలు బుద్ధుందా? పింగాణీని తీసుకెళ్ళి ఆ భూతం నోట్లో పెడతారా? ఆ మిషను ఇవాళే ఇల్లు కదలాలి! మీరు సాయంత్రందాకా నా కంటపడకండి!"

"అమ్మా, ఏడవకూడదన్నారు" అని భార్య కంగారుపడింది.

"ఏడుస్తున్నదెవరే? తిడుతున్నాను!"

అతను మెట్లు దిగి చాలాసేపు కిందే కూర్చున్నాడు. తలవంపుగానే ఉంది గానీ, గుండె మాత్రం తేలికపడింది.

చూడ్డానికొచ్చిన వాళ్ళందరికీ అత్తగారు ఇప్పుడు ఆ వెలిసిపోయిన పళ్ళేన్నే చూపిస్తోంది. "అల్లుడుగారూ, ఇలా రండి. మీరు చూసింది చెప్పండి" అని పిలుస్తుంది. అతను సిగ్గుపడుతూనే వచ్చి, తను చేసిన నిర్వాకంతో సహా అంతా చెబుతాడు. ఒక్కసారి కూడా తప్పించుకోలేదు.

ఆ పువ్వు వేసిన మనిషి ఎవరో ఎవరికీ తెలియదు. అందులో ఉన్నదాన్ని చూసి పదిమందికి నేర్పింది మాత్రం దారాలమ్మ. ఎక్కడైనా గుడ్డమీద కుట్టిన గులాబీ మీ కంటపడితే, ఒక్క నిమిషం ఆగి ఆవిణ్ణి తలుచుకోండి. ఆవిడ లేనిది ఉందని ఎప్పుడూ చెప్పలేదు.