చింతపండు ఏర్పడును

“పద్నాలుగు బడుల్లో పద్నాలుగోది మీదేనంట మల్లేశ్వరీ,” అన్నాడు మా ఆయన బ్రహ్మం. నేను ఆయన క్యారియర్ మూత బిగిస్తున్నాను. ఫోన్‌లో మండలం టీచర్ల గ్రూపు తెరిచి, ఏడో తరగతి సైన్స్ పరీక్ష పట్టికను వేలితో కిందికి జరుపుకుంటూ వచ్చి మా బడి పేరు దగ్గర ఆపాడు. మా పిల్లల్లో నూటికి ఇరవై రెండు మందికే సామర్థ్యం ఉందట. పట్టికలో మొదటి పేరు ఆయన బడిది. తొంభై ఆరు.

“మావాడు లెక్కల పంతులై ఉండి సైన్సులో ఫస్టు తెచ్చినాడు. నువ్వు సైన్సే చదివి ఏం లాభం?” అంది మా అత్త వెంకటరత్నమ్మ, వేడినీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపుతూ. గ్లాసు అందించాను. ఆటోకి టైమైపోతోంది.

ఆయన బడిలో సైన్స్ టీచరు పోస్టు రెండేళ్ళుగా ఖాళీ. ఆ పాఠాలూ ఆయనే చెబుతున్నాడని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ జాలిపడతారు. నేను ఐదింటికి లేచి రెండు వంటలు చేసి, మార్కాపురం నుంచి ఆటోలో ఇరుక్కుని వెళ్ళి, మూడు తరగతులకు పాఠం చెప్పి సాయంత్రం గడప తొక్కితే “వచ్చినావా, టీ పెట్టు” అంటారు, ఏదో షికారుకెళ్ళి వచ్చినట్టు. పాఠం నోట్సు రాసుకునేది పొయ్యి పక్క గట్టుమీద. ఓసారి ఆయన ఆ నోట్సు తిరగేసి, “ఇది చదివి ఎవడు బాగుపడాల?” అన్నాడు. అప్పుడు నాకు కోపం కూడా రాలేదు. కోపానికైనా కాస్త ఓపిక ఉండాలి కదా.

బడిలో హెడ్మాస్టరు నాగభూషణం గారు కుర్చీలో నీరుగారిపోయి కూర్చున్నారు. “అడుగునున్న బడిలో ఆరు, ఏడు, ఎనిమిది ఎత్తేసి రోడ్డు మీది బడిలో కలిపేస్తారంటమ్మా,” అన్నారు. ఆ బడి ఐదు కిలోమీటర్లు. మధ్యాహ్నం అన్నం వడ్డించే కోటమ్మ ఆ మాట వింది. ఆమె కూతురు ఎలీషబా ఏడో తరగతి. “అంత దూరమైతే నేను పంపను టీచరమ్మా. మేకలెనక పోతాదిలే,” అంది గరిటె ఆపకుండానే.

ఎలీషబా పేపరు నాకు బాగా గుర్తుంది. ఆమ్లం, క్షారం కలిస్తే ఏమవుతుందన్న ప్రశ్నకి “నిమ్మకాయ రసంలో సున్నపు తేట పోస్తా పోతే పులుపు చచ్చిపోతాది, మేం చేసి చూసినాం” అని రాసింది. నిజంగానే చేసి చూశారు, బడి వరండాలో. నేను మూడు మార్కులకి ఒక్క మార్కే వేశాను. ‘తటస్థీకరణ’ అన్న మాట లేదుగా! సొంత బడి పిల్లలకి ఎక్కువేసుకుందని ఎవరైనా అంటారేమోనని నా భయం. ఎవరో అనకముందే నన్ను నేను తగ్గించుకోవడం పెళ్ళయిన పదహారేళ్ళుగా నాకు అలవాటు. ఆ అలవాటు పిల్లల మీద కూడా చూపించాను.

శుక్రవారం మండలం విద్యాశాఖ ఆఫీసు నుంచి కబురొచ్చింది. మొదటి బడి పేపర్లు చివరి బడి టీచరు, చివరి బడివి మొదటి బడి టీచరు మళ్ళీ చూసి, రిమార్కు రాసి సంతకం పెట్టాలట. మేమిద్దరం మొగుడూ పెళ్ళాలమని అక్కడ ఎవరికీ తట్టలేదు. సర్వీసు రిజిస్టరులో నా ఇంటిపేరు ఇప్పటికీ మా నాయనదే.

ఆదివారం పొద్దున టిఫిన్లయ్యాక ఆయన బడి కట్ట విప్పాను. ఇరవై ఏడు పేపర్లు. మొదటి పేపర్లో ఇలా ఉంది: “ఆమ్లము, క్షారము చర్య జరిపినపుడు లవణము, నీరు, చింతపండు ఏర్పడును. దీనినే తటస్థీకరణ అందురు.” పాపం ఏ పిల్లో పరధ్యానంలో రాసిందనుకున్నాను. రెండో పేపర్లోనూ చింతపండే. మూడో దాంట్లోనూ. ఇరవై ఆరు మంది చింతపండు ఏర్పరిచారు. ఒక్క పిల్ల మాత్రం ఆ ప్రశ్న వదిలేసింది. రాసినవాళ్ళందరికీ మూడుకి మూడు, ఎర్ర ఇంకుతో, మా ఆయన చేత్తో.

ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత నా నోట్సు తెచ్చి పక్కన పెట్టి చూశాను. ఆ చింతపండు నాది. ఆ పాఠం నోట్సు రాస్తుంటే మా అత్త వసారాలోంచి “చింతపండు నానేసినావా లేదా?” అని మూడుసార్లు అరిచింది. చెవిలో పడింది చేతిలోకి వచ్చేసింది. మర్నాడు క్లాసులో చదివితే మా పిల్లలు పడీపడీ నవ్వారు. “చారు పెడతన్నావా టీచర్?” అంది ఎలీషబా. వాళ్ళకి సరిచేసి చెప్పాను. నా నోట్సులో కొట్టెయ్యడానికి మాత్రం తీరలేదు.

ఎవడూ బాగుపడని నోట్సు. దాన్ని ఫోటోలు తీసి, జిరాక్సులు చేయించి, ఇరవై ఏడు మందితో బట్టీ పట్టించాడన్నమాట, కనీసం ఒక్కసారి చదవకుండా! నా చదువునీ తిన్నాడు, తిని నన్నే వెక్కిరించాడు. నాకు ఒళ్ళు మండింది. చాలా ఏళ్ళ తర్వాత.

పేపరు తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. చూశాడు. మొహం ఒక్క క్షణం మాడింది, అంతే.

“ఇంట్లో ఉండేది వాడుకుంటే తప్పేంది? మన మధ్య నీదేంది, నాదేంది?”

“పట్టిక చూసినప్పుడు మాత్రం మీ బడి, మా బడి అన్నారే?”

“అదంతా ఎందుకిప్పుడు! చింతపండు కొట్టేసి సంతకం పెట్టు. మీ పిల్లలకి నేను తలా నాలుగు మార్కులు కలుపుతా. మీ బడి పైకొస్తాది, ఎత్తేసేది ఉండదు. నీకు కావాల్సిందీ అదేగా?”

అదే కావాలి నాకు. ఎలీషబా బడికి రావాలి. ఒక్క గీత గీస్తే చాలు. వంటింట్లో నిలబడి ఆలోచించాను. పులుపు చచ్చిపోతాదని కళ్ళతో చూసి రాసిన పిల్లకి ఈయన దయ తలిచి నాలుగు మార్కులు కలపాలా? ఆ పిల్ల ఆఖరుదని, ఈ చింతపండు పేపర్లు మొదటివని నేను సంతకం పెట్టి మరీ ఒప్పుకోవాలా?

“ఏమే, నీళ్ళు కాగినాయా?” అంది మా అత్త. గట్టుమీది గిన్నెలు పక్కకి జరిపి కాగితం పరిచాను. రిమార్కుల గడిలో రాశాను: “ఇరవై ఆరు పేపర్లలో ఆమ్ల క్షారాల జవాబు నా నోట్సు నుంచి తప్పుతో సహా దిగింది. నోట్సు జతచేస్తున్నాను. ఈ మార్కులతో ఏ బడినీ పోల్చడానికి వీల్లేదు. ఎలీషబా జవాబుకి నేను తక్కువ వేశాను. మూడు మార్కులూ ఇవ్వాలి.” కింద ఇంటిపేరుతో సహా నా పూర్తి పేరు రాసి సంతకం పెట్టాను.

ఆయన గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. “ఏం రాసినావ్?”

కాగితం ఆయన చేతికిచ్చాను.

“చదువుకోండి. నా రాత మీకు అలవాటేగా.”