త్రూస్‌లో చిన్న కత్తెర

డెల్ఫీనా కుట్టిచ్చిన తోలు త్రూస్‌ను, పనిముట్లు చుట్టుకునే మూటను, మంచం మీద విప్పి, మనవరాలు ఇర్మా దువ్వెనలు, క్షౌరపు కత్తి, పెద్ద కత్తెర ఒక్కొక్కటే పట్టీల్లో దోపింది. మధ్యాహ్నం బస్సెక్కి కూనియోలో ఫ్రాన్సు వెళ్ళే నీస్ రైలు పట్టుకోవాలి. అక్కడి జుట్టు కత్తిరించే దుకాణంలో సొంత పనిముట్లున్న వాళ్ళకే కుర్చీ ఇస్తారు.

చిన్న కత్తెరను మాత్రం తలుపు వెనక మేకుకు తగిలించింది. దూరం వెళ్ళేవాళ్ళు ఒక పనిముట్టు వదిలి వెళ్ళడం ఆ ఇంటి అలవాటు. దానికోసమైనా తిరిగొస్తారని. పక్క మేకుకు, వెళ్ళి తిరిగిరాని తాత బత్తీస్తా కత్తి తుప్పు పట్టి వేలాడుతోంది.

"త్రూస్‌లో ఖాళీ ఉండకూడదే" అంది డెల్ఫీనా.

"టురిన్‌లో త్రూస్ అంటే పౌడరు డబ్బా నానమ్మా! దొరసానులు నాటకానికి పట్టుకెళ్ళేది. ఈ తోలు మూటను ఆ పేరుతో పిలిస్తే నవ్వుతారు."

"నవ్వనీ. ఆ మాట పుట్టిల్లు కొండకవతల ఫ్రాన్సు. మెలిపెట్టి బిగించి కట్టడమని అసలు అర్థం. కట్టిన మూటకూ అదే పేరొచ్చింది. ఆనక డాక్టరు సామాను సంచికి, బడిపిల్లల పెన్సిళ్ళ సంచికి. కొండ దిగేసరికి మీ టురిన్ వాళ్ళకు పౌడరే మిగిలింది."

"ఏ పంతులు చెప్పాడేం?"

"పంతులెందుకే? మీ తాత రాసింది ఒకటే ఉత్తరం. అది చదవడానికే నలభై ఏళ్ళప్పుడు అక్షరాలు కూడబలుక్కున్నా. అందులో ఈ మాటొక్కటే కొరుకుడు పడలేదు. సంతలో నిఘంటువు కొని చూశా."

"ఏం రాశాడు తాత?"

"'ఇక్కడ నిండు త్రూస్ కొనుక్కున్నాను' అని."

ఇర్మా తుప్పు కత్తి వంక చూసింది.

డెల్ఫీనా మేకు మీది చిన్న కత్తెర తీసి, పట్టీలో దోపి, తోలును చుట్టి, తాడు రెండుసార్లు మెలిపెట్టి బిగించింది.

"ఇనుప ముక్క మనిషిని లాక్కురాదు పిల్లా. సగం సామానుతో పోయి ఇంకొకత్తె కత్తెర అడుక్కుంటావా? రావాలనిపిస్తే వస్తావు. బస్సొచ్చింది, పద."

అది 1935 అక్టోబరు. ఇర్మా ఏటా అక్టోబరులో వెళ్ళి, నాలుగు ఈస్టరు పండుగలకు ఇంటికి వచ్చింది. ఐరోపాలో యుద్ధం మొదలైన మరుసటి నెల, 1939 అక్టోబరులో వెళ్ళింది, మళ్ళీ రాలేదు.