మొదటిమాట సారు

వైస్ ఛాన్సలర్ గారు సంతకం ఎడమచేత్తో పెడతారు. ఫోను కుడిచేత్తోనే పట్టుకుంటారు, తలుపూ కుడిచేత్తోనే తీస్తారు, కలం మాత్రం ఎడమచేతికి పోతుంది. పెద్దవాళ్ల ఫ్యాషన్ కాబోలు అనుకున్నారు ఆఫీసులో. ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసిన భార్యకే అసలు సంగతి తెలియదు, వీళ్ల మొహం, వీళ్లకేం తెలుస్తుంది!

అసలు సంగతంతా కుడిచేతి చూపుడువేలిలో, మధ్యవేలిలో ఉంది. ఆ చేత్తో సంతకానికి కలం పట్టారంటే చాలు, ఆ రెండు వేళ్లనూ ఒక దూడ నోట్లోకి తీసుకుని చప్పరిస్తుంది. వెచ్చగా, గరుకు నాలుకతో. ఒక్కసారే. ఆ ఒక్కసారికే ఒళ్లు జలదరిస్తుంది.

నలభై ఒక్క ఏళ్ల కిందట ఆయన పశువైద్య కళాశాలలో ఆఖరి పరీక్ష రాస్తున్న కుర్రాడు. ఆస్పత్రి షెడ్డులో ఈనలేక అవస్థ పడుతున్న ఆవుని చూపించి, లోపల దూడ బతికుందో చచ్చిందో చెప్పమన్నారు. దానికో పద్ధతి ఉంది. భుజందాకా చెయ్యి పెట్టి దూడ నోట్లో రెండు వేళ్లు ఉంచాలి. బతికున్న దూడ చప్పరిస్తుంది. చచ్చినదైతే తీగ రంపంతో లోపలే కోసి ముక్కలుగా తీసి, తల్లినైనా దక్కించుకోవాలి. క్లాసుకంతటికీ మొనగాడు కదా, కుర్రాడు క్షణం ఆగకుండా "చచ్చిపోయింది సార్" అనేశాడు. "శభాష్!" అన్నాడు ప్రొఫెసరు.

ఆ శభాష్ ఇంకా చెవిలో ఉండగానే, లోపలే ఉన్న వేళ్లకి చప్పరింపు తగిలింది. నోరు తెరిచాడు. ప్రొఫెసరు అప్పటికే రంపం అందుకున్నాడు, చుట్టూ ముప్పైమంది చూస్తున్నారు. తెరిచిన నోరు మూసుకున్నాడు. కాసేపటికి రిజిస్టర్లో 'చచ్చిన దూడ' అని రాసి కింద సంతకం పెట్టాడు. కుడిచేత్తో పెట్టిన ఆఖరి సంతకం అదే.

బంగారు పతకం వచ్చింది. లెక్చరరయ్యారు, ప్రొఫెసరయ్యారు, డీనయ్యారు. డీనైన ఏడాదే ఒక రూలు తెచ్చారు. ప్రాక్టికల్ పరీక్షలో విద్యార్థి చెప్పిన మొదటి మాటే లెక్క, మార్చుకుంటే సున్నా. డాక్టరనేవాడు తడబడకూడదని ఉపన్యాసం కూడా దంచారు. పిల్లలు 'మొదటిమాట సారు' అని పేరు పెట్టేశారు. ఆ రూలు వాళ్లకోసం తెచ్చింది కాదు పాపం. దాని ప్రకారం చూసుకుంటే ఆనాటి కుర్రాడిది తప్పు కాదు. ఆపైన ఇంకో ఊరట కూడా దాచుకున్నారు. చప్పరించింది ఒక్కసారే కదా, నొప్పులకి లోపల కదిలుంటుందిలే అని.

ఒకరోజు ఉదయం రిజిస్ట్రారు ఫైలు పట్టుకొచ్చాడు.

"ఆఖరి సంవత్సరం అమ్మాయండి. పరీక్షలో దూడ చచ్చిందని చెప్పింది. ఎగ్జామినర్ గారు రంపం తీసేసరికి, కాదు బతికుందని అడ్డం నిలబడింది. ఆయన సున్నా వేశారు. ఆ అమ్మాయికి ఇదే ఆఖరి అవకాశం. మీరు సంతకం పెడితే ఇక డిగ్రీ లేనట్టే."

"దూడ?"

"షెడ్డులో గంతులేస్తోందండి. అయినా రూలు రూలే కదా. అదీ మీ రూలు."

అమ్మాయిని లోపలికి పిలిపించారు. రబ్బరు బూట్లతోనే వచ్చేసింది, గదంతా షెడ్డు వాసన.

"మాట ఎందుకు మార్చావమ్మా?"

"చప్పరించింది సార్."

"ఎన్నిసార్లు?" ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

"ఒక్కసారే సార్."

"ఒక్కసారికేనా? నొప్పులకి కదిలిందేమో అనుకోలేదూ?"

"అనుకున్నాను సార్. అదే అయ్యుండాలని దణ్ణం కూడా పెట్టుకున్నాను. మాట మారిస్తే నా బతుకు బజారుపాలవుతుందని తెలుసు కదా. కానీ రంపం పడ్డాక ఇంక ఏమనుకుంటే ఏం లాభం సార్?"

నలభై ఒక్క ఏళ్లుగా పట్టుకు వేలాడిన ఊరటని ఇరవై మూడేళ్ల పిల్ల బూట్లతో వచ్చి తొక్కేసింది. కలం కుడిచేత్తో అందుకున్నారు. రిజిస్ట్రారు వింతగా చూశాడు.

'అమ్మాయి పాసు. ఈ రూలు ఎత్తేయమని కౌన్సిల్‌ని కోరుతున్నాను. కారణం, నా ఆఖరి పరీక్షలో నేను చచ్చిందని చెప్పిన దూడ బతికే ఉంది. ఆ సంగతి కోయకముందే నాకు తెలుసు.' కింద సంతకం పెట్టారు.

రిజిస్ట్రారు చదివి నీళ్లు నమిలాడు. "సార్, ఇది కౌన్సిల్లో అందరూ చదువుతారండీ. పైగా సంతకం కూడా మీదిలా లేదు."

"నాదేనయ్యా. పాతది."

ఇద్దరూ వెళ్లాక వేళ్లు చూసుకున్నారు. రాసినంతసేపూ దూడ చప్పరించలేదు. కలం మళ్లీ పట్టుకుని, ఖాళీ కాగితం మీద ఇంకో సంతకం పెట్టి చూశారు. లేదు. ఇన్నేళ్లూ అది తనని వదిలితే చాలనుకున్నారు. ఇప్పుడు వదిలేసింది, వేళ్లు రెండూ చల్లగా ఉన్నాయి. ఆ దూడ ఇన్నాళ్లూ బతికున్నది ఆ వేళ్లమీదే. ఈ రోజే చచ్చిపోయింది. ఆ రెండు వేళ్లనూ ఎడమచేత్తో గుప్పిట పట్టుకుని, బల్లమీద తలపెట్టి పెద్దాయన వెక్కివెక్కి ఏడ్చారు.