ఘాటు లేని దుమ్ము

ఎండలకు మిర్చి యార్డుకి సెలవులిచ్చారు. తొడిమలు తీసే ఆడవాళ్ళకి పని పోయింది. సరిగ్గా అప్పుడే నల్లపాడు దగ్గర, రోడ్డు పక్కన కడుతున్న పార్కులోకి ఒక ముసలి ఆవిరి ఇంజన్ని తెచ్చి నిలబెట్టారు. రిపేరు చేసి, రంగేసి, గాలి పంపుతో కూత కూయించాలట. జనం ఫొటోలు దిగాలట. దానికి ముందు బాయిలరు మీది తుప్పు రేకులు ఊడదీసి, వాటి కింద అతుక్కున్న తెల్లటి పీచంతా గీకెయ్యాలి. ఆ పనికి ఎలీసమ్మనీ, ఆమెతోటి ఆడవాళ్ళనీ పిలిచారు. మిరప ఘాటులో బతికినవాళ్ళు దుమ్ముకి జడవరని.

ముక్కుకి మాస్కులివ్వలేదు. అడగాలని వాళ్ళకి తెలియదు. తెలియకుండా చూడటం కూడా ఒక ఉద్యోగమే. దానికి జీతాలున్నాయి.

ఎలీసమ్మ మొగుడు ప్రేమదాసు వయసులో ఉన్నప్పుడు లోకోషెడ్డులో ఆ పీచునే బాయిలర్లకి చుట్టేవాడు. చేత్తో చింపి, నీళ్ళలో పిసికి, మెత్తేవాడు. ఇప్పుడు ఊపిరితిత్తులు బండబారాయి. వారాల తరబడి ఆసుపత్రిలో ఉండి ఆ మధ్యాహ్నం ఇంటికొస్తుంటే, భార్య ఇంజను మీద పని చేస్తోందని బస్సులో ఎవరో చెప్పారు. అక్కడే దిగిపోయాడు.

ఇంజను వీపు మీద ఆడవాళ్ళు వరసగా కూర్చుని గీకుతున్నారు. చుట్టూ తెల్లటి దుమ్ము. కేకేయబోయాడు, ఊపిరి చాలలేదు. కింద పడున్న ఇనప ముక్క తీసుకుని చక్రం మీద కొట్టాడు.

"ఏందయ్యా, పంపించేశారా?" ఎలీసమ్మ మొహం వెలిగింది. "ఇంటికి పోక ఈ ఎండలో ఇట్టా వచ్చావేంది?"

"దిగు."

"పెళ్ళాన్ని చూడకుండా ఒక్క పూట ఆగలేకపోయాడమ్మా!" పక్కనున్న పిచ్చమ్మ అంది. అందరూ నవ్వారు.

"నవ్వమాకండే. అది రాతినార, ఆస్బెస్టాసు. నన్ను తింది అదే. దిగండి."

"ఈ దుమ్మా అన్నా?" పిచ్చమ్మ గుప్పెడు పీచు తీసి చూపించింది. "మిరప దుమ్మయితే కళ్ళు మండి చస్తాం. ఇది పిండిలా ఉంది. ఒక్క తుమ్మన్నా రాలా, దగ్గన్నా రాలా."

"రాదు." ప్రేమదాసు చక్రం పట్టుకుని ఊపిరి తీసుకున్నాడు. "నాకూ రాలా. రిటైరయ్యాక వచ్చింది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన దగ్గు వాళ్ళ పేటంతా విన్నదే.

సూపర్‌వైజరు కోటేష్ వచ్చాడు. "ఏంది పెద్దాయనా, పనాపుతున్నావ్? ఆదివారం ఓపెనింగు. దిగేవాళ్ళు దిగొచ్చు, సత్తెనపల్లి నుంచి ఇంకో బ్యాచిని దింపుతా."

"ముందు నీ మీసం చూసుకోరా అబ్బాయ్. నువ్వూ పీలుస్తున్నావ్."

కోటేష్ తెల్లబడ్డ మీసం తుడుచుకుని, ఆ చెయ్యి ప్యాంటుకి రాసుకున్నాడు. దూరంగా గేటు దాకా పోయి, అక్కణ్ణుంచి అరిచాడు: "కానియ్యండమ్మా, కానియ్యండి!"

ఎలీసమ్మ చేతిలోని గీకుడు రేకు పక్కన పెట్టింది. దిగలేదు.

"ఏమయ్యా... ఇది పత్తిలా మెత్తగా ఉందని సంచిలో ఇంటికి తీసుకుపోయా. మహిమకి దిండు కుట్టా."

మహిమ వాళ్ళ మనవరాలు. ఇంకా బడికి పోయే వయసు కాదు.

ఆయన మొహం చూసి ఎలీసమ్మ ఇంజను మీంచి దూకి పేటవైపు పరుగెత్తింది. ప్రేమదాసు ఆమె వెనకే బయల్దేరాడు. కాస్త నడిచి కంచె పట్టుకుని ఆగిపోయాడు. ఉన్న ఊపిరంతా కూడగట్టి అరిచాడు.

"ఆ చీరతో పిల్లని ముట్టుకోమాక!"

ఆమెకి వినపడింది. ఇంటి ముందు నిలబడి చీర చూసుకుంది. రోజూ ఈ చీరతోనే వచ్చి, ఈ చీరతోనే ఎత్తుకుంది.

పక్కింటి అరుగు మీద నిద్రపోతున్న మహిమ లేచింది. దిండు ఈడ్చుకుంటూ అమ్మమ్మ వైపు వచ్చింది. దిండు కుట్లలోంచి తెల్లగా రాలుతోంది.

"రామాక! అక్కడే ఉండు! దిండు కింద పడెయ్!"

ఆట అనుకుని పిల్ల నవ్వుతూ పరుగందుకుంది.

ఎలీసమ్మ వంగి ఇటుక ముక్క తీసి, కొడతానన్నట్టు ఎత్తింది.

మహిమ ఆగిపోయింది. మూతి వంకరపోయింది. దిండుని రెండు చేతులా గుండెకి హత్తుకుని, అందులో మొహం దాచుకుని ఏడవడం మొదలెట్టింది.