ఎగిరిపోయిన ఎర్రకొంగ

ఆర్లిన్ ఫ్యూర్మన్ కొట్టంలో ఎటు చూసినా పాత ఇంజనాయిలు డబ్బాలే. అమెరికాలోని కాన్సస్‌లో ఆ చుట్టుపక్కల ఒకప్పుడు ఊరికొక సొంత పెట్రోలు బంకు ఉండేది. పెద్ద కంపెనీల జెండా కింద తలవంచకుండా, ఎవరికి తోచిన బొమ్మ వాళ్లు డబ్బా మీద అచ్చు వేయించుకుని అమ్ముకునేవాళ్లు. కొత్త హైవే ఊళ్లను పక్కకు నెట్టేశాక బంకులు పోయాయి. డబ్బాలు ఆర్లిన్ దగ్గరికి చేరాయి. టోపీ పెట్టిన పంది, గొడుగు పట్టిన కప్ప, చుట్ట కాల్చే కుక్క, అన్నీ ఉన్నాయి. కిటికీ పైన మాత్రం ఒక చోటు ఖాళీ. అది ఎర్రకొంగది.

ఎర్రకొంగ అంటే హోబార్ట్ బాస్కమ్ బంకు డబ్బా మీది బొమ్మ. ఆర్లిన్ తన మొదటి కారుకు మొదటిసారి పెట్రోలు పోయించుకున్నది ఆ బంకులోనే. హోబార్ట్ అద్దం తుడుస్తూ, "మంచి కారోయ్! బ్రేకులు కూడా ఉంటే ఇంకా మంచిది" అన్నాడు. ఆ మనిషీ పోయాడు, బంకూ పోయింది. ఆ చోటు నిండకుండా తానూ పోతానేమోనని ఆర్లిన్ బెంగ.

మిగిలిన ఒకే ఒక్క ఎర్రకొంగ డబ్బా హోబార్ట్ భార్య లియోటా వంటింట్లో, పొయ్యి పక్కన ఉంది. పందిమాంసం వేయించినప్పుడు దిగిన కొవ్వు ఆవిడ అందులో ఒంపుకుంటుంది.

ఒక ఉదయం ఆర్లిన్ మళ్లీ ఆ వంటింటికి వెళ్లి కూర్చున్నాడు.

"డబ్బా కోసమేనా?" అంది లియోటా.

"ఊఁ."

"ఒక్కరోజైనా నా కాఫీ కోసం రావేమయ్యా?"

"కాఫీ కూడా బానే ఉందమ్మా."

అంతకుమించి అతనికి మాటలు రావు. డబ్బా వైపే చూశాడు. సొట్ట లేదు, తుప్పు లేదు. జిడ్డు కింద కొంగ ఆనాటి ఎరుపుతోనే ఒంటికాలి మీద నిలబడి ఉంది. పట్టలేక నోరు జారాడు.

"ఎంత శుభ్రంగా ఉందమ్మా!"

డబ్బాల పిచ్చివాళ్ల భాషలో శుభ్రమంటే రంగు చెదరలేదని. మీద వేలెడు మసి ఉన్నా సరే. లియోటాకు ఆ భాష రాదు. ఆవిడ డబ్బా వైపు చూసింది. అంచున కారిన కొవ్వు, పైన అంటిన పొగ. మొహం కందగడ్డయింది.

"నా వంటిల్లు చూసి వెక్కిరిస్తున్నావా?"

"లేదమ్మా, నిజంగా. ఇంత శుభ్రమైంది నేనెక్కడా చూళ్లేదు."

"మళ్లీనా! లే. ముందు బయటికి నడు."

ఇంటికొచ్చి జరిగింది చెబితే భార్య వెర్నీటా తల పట్టుకుంది. "తెరవక తెరవక నోరు తెరిస్తే ఇదా నువ్వు అన్నది?"

ఆదివారం చర్చి అయ్యాక ముంగిట్లో గంట మోగింది. బంకుల్లో కారు టైరు ఎక్కితే గంట కొట్టే రబ్బరు గొట్టం ఒకటి ఆర్లిన్ అక్కడ పరిచి ఉంచాడు. లియోటా కారు దిగింది. చేతిలో తువ్వాలు మూట.

"ఆ గంట వింటే ఇప్పటికీ కాళ్లు ఆగవయ్యా. మా ఆయనైతే నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని పరిగెత్తేవాడు" అంది. మూట ముందుకు చాపింది. "నువ్వన్నదాంట్లో తప్పులేదు. ఆయన డబ్బాని అంత జిడ్డుగా ఉంచానంటే నాకే సిగ్గేసింది. ఇదిగో, ఇక నీదే."

ఆర్లిన్ తువ్వాలు విప్పాడు. ఎండ తగిలి కళ్లు జిగేలుమన్నాయి. కొంగ లేదు. ఎరుపు లేదు. ఒక్క అక్షరం లేదు. ఉత్త తగరం, అద్దంలా.

"సోడా వేసి ఉడకబెట్టాను. ఇనప పీచుతో తోమాను. ఆ పాత రంగు ఒక పట్టాన వదిలితేనా! మోచేతులు పడిపోయాయనుకో" అంది లియోటా.

గుమ్మంలో నిలబడి చూస్తున్న వెర్నీటా గబుక్కున లోపలికి వెళ్లిపోయింది. నవ్వాపుకోవడానికో, ఏడుపాపుకోవడానికో తెలియదు.

"ఎలా ఉంది?" అంది లియోటా.

ఆర్లిన్ డబ్బా చూశాడు. ఆవిడ వేళ్లు చూశాడు. కణుపులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఎరుపంతా అక్కడికే పోయినట్టుంది.

"శుభ్రంగా ఉందమ్మా" అన్నాడు.

"హమ్మయ్య! ఇప్పుడన్నావు సరైన మాట."

ఆవిణ్ణి కొట్టంలోకి తీసుకెళ్లి, ఆవిడ కళ్ల ముందే ఖాళీ చోట్లో డబ్బా పెట్టాడు. లియోటా చాలాసేపు తల ఎత్తి చూసింది. ఏదో గొణిగింది, హోబార్ట్‌తోనే అయి ఉండాలి. తర్వాత కళ్లు తుడుచుకుని మిగతా గోడలు కలియజూసింది. పందిని చూసింది. కప్పను చూసింది.

"మరి వీటినిలా వదిలేశావేం? వచ్చే ఆదివారం పీచు పట్టుకొస్తాను. ఇద్దరం కూర్చుంటే పొద్దుగూకేలోగా అన్నీ తోమేయొచ్చు."

"వద్దు!" అని అరిచాడు ఆర్లిన్. ఆ మనిషికి అంత గొంతుందని వంటింట్లో ఉన్న వెర్నీటాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు కొట్టం చూడ్డానికి వచ్చినవాళ్లు కిటికీ పైన మెరిసేదాన్ని చూసి ఇదేమిటని అడుగుతారు.

"ఎర్రకొంగ."

"కొంగేదీ?"

"ఎగిరిపోయింది."

లియోటా ప్రతి ఆదివారం వస్తుంది. గంట మోగగానే ఆర్లిన్ నోట్లో ముద్ద నోట్లోనే పెట్టుకుని పరిగెత్తి, కొట్టం తలుపుకు అడ్డంగా నిలబడతాడు. ముందు ఆవిడ చేతిసంచీ వైపు చూస్తాడు. ఆ తర్వాతే పలకరింపు.