వెనక గదిలో అద్దెకున్న గాలి

"వచ్చే పోటీలోపు ఆ మలుపు దగ్గర గోడ లేవకపోతే, నన్నీ మైకు ముట్టుకోనివ్వకండి!"

ఈ మాట అన్నది సైకిల్ పోటీల సంఘం కార్యదర్శి. మెడలో దండతో, మూడొందల మంది ముందు, గుండె మీద చెయ్యేసుకుని మరీ అన్నాడు. ఆ తర్వాత రెండు పోటీలు జరిగాయి. రెండుసార్లూ మైకు ఆయన చేతిలోనే ఉంది. దండలు సమయానికే వచ్చాయి. గోడ రాలేదు.

స్పానరక్క సైకిల్ షాపు మాత్రం ఎప్పట్లాగే ఉదయం ఏడింటికి తెరుచుకుంది. ఆ షట్టరు బయటినుంచి సగమే లేస్తుంది. ఆవిడ వంగి లోపలికి దూరి, మిగతా సగం లోపలినుంచి భుజంతో ఎత్తింది. బల్ల తుడిచింది, పంపు గొట్టం చుట్ట చుట్టి మేకుకి తగిలించింది. తర్వాత వెనక గది తలుపు మీద రెండుసార్లు తట్టింది.

"లేచావా?"

తలుపు కింద సందులోంచి ఏదో చల్లగా వచ్చి ఆవిడ చీలమండలకి తగిలింది. లేచిందన్నమాట.

వెనక గదిలో ఆరేళ్లుగా ఒక గాలి అద్దెకుంటోంది. ఒక వానాకాలం కిటికీలోంచి వచ్చింది, ఇక వెళ్లలేదు. అద్దె కింద బల్ల మీద ఇనుపరజను ఊడుస్తుంది, రంగేసిన ఫ్రేములు ఆరబెడుతుంది. పక్క షాపులో బట్టలు కుట్టే ఆవిడ "మీ గాలిని ఓ గంట పంపుతావా, తడి గుడ్డలున్నాయి" అని అడిగి తీసుకెళ్తుంది. పని కాగానే అదే తిరిగొచ్చేస్తుంది. ఎన్నడూ పేచీ పెట్టలేదు.

ఆ రోజు బల్ల మీద బిగించి ఉన్నది తమ్ముడి సైకిలు. ఆదివారం పోటీ. అందులో అందరూ ఒకేసారి బయల్దేరరు. నిమిషానికొకరు చొప్పున ఒంటరిగా పోతారు, గడియారమొక్కటే ప్రత్యర్థి. అందుకే ఆ సైకిలు మీద గాలికి అడ్డొచ్చేదేదీ పైకి కనబడదు. ముందు బ్రేకు ఫోర్కు లోపల డొప్ప కింద దాక్కుంటుంది. వెనక బ్రేకు పెడళ్ల ఇరుసు కింద నక్కి ఉంటుంది. బ్రేకు వైర్లు హ్యాండిల్ దగ్గరే ఒక కన్నంలో దూరి, ఫ్రేము కడుపులోంచి మెలికలు తిరుగుతూ పోతాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది.

స్పానరక్క బ్రేకు లివరు నొక్కింది. చక్రం ఇంకా మూడు చుట్లు తిరిగి, ఇష్టమైతేనే ఆగింది.

"చూశావా? నీ వేళ్ల బలమంతా ఈ మెలికల్లోనే చచ్చిపోతోంది. రిమ్ముకి చేరేది నాలుగోవంతు."

"పోనీ అక్కా. గెలవడానికి పోతున్నాను, ఆగడానికి కాదు," అన్నాడు తమ్ముడు.

అతను గ్రంథాలయంలో పుస్తకాలు సర్దే ఉద్యోగం చేస్తాడు. సర్దినవాటిలో సగం చదివేస్తాడు, చదివినదాంట్లో సగం అక్కకి అప్పజెప్తాడు. గెలిచినవాడికి సంఘం రెండు నిమిషాలు మైకు ఇస్తుంది. కప్పు ఎవడిక్కావాలి, అతనికి ఆ రెండు నిమిషాలే కావాలి. కార్యదర్శిని పక్కన నిలబెట్టి, అందరి ముందూ, గోడ ఏదని అడగాలి. రెండేళ్ల కిందట ఆ మలుపులోనే డ్రాయింగు మాస్టారు సైకిల్‌తో సహా క్వారీ గోతిలోకి ఎగిరిపోయారు. ఇప్పుడు చంకలో కర్ర లేకుండా నడవలేరు.

"ప్రశ్న చచ్చినచోట మనిషి బతికున్నా లెక్కలోకి రాడు, అక్కా!"

"సరే మహానుభావా, ఆ అయిదో నంబరు కీ ఇటియ్యి." ఆవిడ డొప్ప మరలు విప్పుతూ అంది, "గోడ లేదని గోల పెట్టేదీ నువ్వే, బ్రేకు వద్దనేదీ నువ్వే. నీ ప్రశ్న ఎక్కణ్ణుంచి అడుగుతావు, గోతిలోంచా?"

తమ్ముడు విప్పిన మరలు ఒక్కొక్కటే డబ్బాలో వేశాడు.

పని నాలుగు రోజులు పట్టింది. లోపలి బ్రేకు చేతులు పొట్టివని, పాత సైకిల్లోంచి పొడుగు చేతులు తీసి బిగించింది. అవి పట్టేలా డొప్పని లోపలినుంచి ఆకురాయితో అరగదీసింది. వైరు దూరే చోటు మార్చింది. ఫ్రేము మెడ కింద కొత్త కన్నం వేసి, అంచులు నున్నగా రాసి, రబ్బరు గుండీ తొడిగింది. ఇప్పుడు వైరు వెడల్పాటి ఒకే వంపుతో, నీళ్లు దిగినట్టు కిందకి దిగుతోంది. లివరు నొక్కితే చక్రం గాల్లోనే కట్టేసినట్టు నిలిచిపోయింది.

"ఆగడం ఆగుతుంది. వేగమో?" అన్నాడు తమ్ముడు, ఉత్తరం కోసం చూసేవాడిలా.

దానికీ మార్గముంది. స్పానరక్క సైకిలు నిండా ఊలు దారం ముక్కలు అంటించింది. తమ్ముడు సైకిలెక్కి వంగి కూర్చున్నాడు. ఆవిడ వెనక గది తలుపు బార్లా తెరిచింది.

గాలి వచ్చింది. ముందు మెల్లగా, ఎదురింటివాళ్లని పలకరించినంత మర్యాదగా. తర్వాత గంటకి నలభై అయిదు కిలోమీటర్ల వేగంతో. దారాలన్నీ బుద్ధిగా వెనక్కి వాలాయి. కొత్త వైరు దగ్గర ఒక్కటంటే ఒక్కటి కొంచెం తలాడించింది.

"మొత్తం దారికి రెండు సెకన్లు పోతాయి, అంతే," అంది ఆవిడ.

"రెండు సెకన్లా!"

"నోర్మూసుకో. నీ ఉపన్యాసంలో ఓ 'అందువల్ల' తగ్గించుకో."

ఇక మిగిలింది పాత వైరు దూరిన కన్నం. దాన్ని మూయాలి, లేకపోతే పరిగెడుతుంటే ఊళ వేస్తుంది. ఆవిడ టేపు అంటించింది. గాలి వచ్చి ఊడదీసింది. మళ్లీ అంటించింది. మళ్లీ ఊడదీసింది. మూడోసారి రబ్బరు బిరడా కొట్టింది. తెల్లారేసరికి బిరడా గది మూల డబ్బాలో ఉంది.

"అద్దెకున్నదానివి అద్దెకున్నట్టుండాలి!" అని కసిరింది స్పానరక్క. దారాలు రెపరెపలాడాయి, అంతే. ఆవిడకి విసుగొచ్చింది. చేతిపని తెలిసినవాళ్లెవరూ చెయ్యని పని చేసింది. కన్నాన్ని అలాగే వదిలేసింది.

ఆదివారం డ్రాయింగు మాస్టారు ఎప్పట్లాగే తన మడత కుర్చీ పట్టుకుని మలుపు దగ్గరికి పోయి కూర్చున్నారు. ఎవరూ పిలవలేదు. చేతిలో ఎర్రగుడ్డ ఉంది. గోడ ఉండాల్సిన చోట రెండేళ్లుగా ఆయనే ఉంటున్నారు. పొద్దున్నే క్వారీ లారీ ఒకటి రోడ్డు మీద సన్నకంకర ఒలకబోసుకుంటూ పోయింది. కర్రతో నెట్టగలిగినంత నెట్టారు. ఇంకా మిగిలింది.

పదహారో నంబరు తమ్ముడిది. నీళ్ల ట్యాంకు దాటి పల్లంలోకి దిగేసరికి సైకిలు ఊళ మొదలెట్టింది. మొదట ఈలలా, తర్వాత ఎవరో గొంతు చించుకుంటున్నట్టు. అతనికి చిరాకేసింది. కన్నం మూయమంటే మూయలేదు కదా అనుకుంటూ తలెత్తాడు. తలెత్తాడు కాబట్టి ఎర్రగుడ్డ కనబడింది. గుడ్డ వెనక కంకర కనబడింది.

నొక్కాడు. ఆ పాత బ్రేకు అయితే మూడు చుట్ల తర్వాత ఆలోచించేది. ఇది పట్టుకుంది. వేగం సగానికి, ఆ సగం సగానికి పడింది. అయినా వెనక చక్రం కంకర మీద జారింది, సైకిలు అడ్డం తిరిగి గోతివైపు పోయింది.

అక్కడ అతని భుజం దేనికో తగిలింది. మెత్తగా, నింపిన పరుపుకి తగిలినట్టు తగిలింది. అది వంగలేదు. పంక్చరు అతికించే జిగురు వాసన, మిషన్ నూనె వాసన వేసింది. సైకిలు కన్నంలో ఊళ ఆగిపోయింది, లోపలున్నదేదో దిగిపోయినట్టు. తమ్ముడు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు, ముందు చక్రం అంచుకి జానెడు దూరంలో.

"మీ ఇంటి గాలే," అన్నారు మాస్టారు, కళ్లు తుడుచుకుంటూ. "వాసన పట్టాను. పోవయ్యా, నిలబడ్డావేం, గడియారం తిరుగుతోంది!"

ముగింపు గీత దగ్గర స్పానరక్క పదిహేనో నంబరు వచ్చాక లెక్కపెడుతూ నిలబడింది. నిమిషం దాటింది. దాటాక ఇరవై సెకన్లు. అప్పుడు తమ్ముడు వచ్చాడు, మోచేతికి మట్టితో, చప్పుడు లేని సైకిల్ మీద. ఆవిడ పరుగెత్తి ముందు అతని చేతులు, కాళ్లు తడిమింది. తర్వాత బ్రేకు లివరు నొక్కింది. తర్వాత రోడ్డు మీదే చతికిలబడి నవ్వడం మొదలెట్టింది. ఆపుదామన్నా ఆగలేదు.

"పదకొండో స్థానం అక్కా. మైకు పోయింది."

"పోనీరా. నోరు మిగిలింది కదా."

షాపుకొచ్చాక ఆవిడ వెనక గది తలుపు తట్టింది. చీలమండలకి ఏమీ తగల్లేదు. గదిలో క్యాలెండరు కదలకుండా వేలాడుతోంది.

సాయంత్రం అక్కాతమ్ముళ్లు మలుపు దగ్గరికి వెళ్లారు. మాస్టారు ఇంకా అక్కడే ఉన్నారు. జేబులోంచి ఒక కాగితం తీసి గోతిలోకి విసిరారు. అంచు దాటకుండానే అది వెనక్కి వచ్చి ఆయన చొక్కాకి అతుక్కుంది. మళ్లీ విసిరారు, మళ్లీ వచ్చింది.

"రా, ఇంటికి పోదాం," అని పిలిచింది స్పానరక్క. గాలి ఆవిడ జుట్టు ఒకసారి సవరించింది. కదల్లేదు. అప్పుడే ఒక కూరగాయల సైకిలు మలుపులో తడబడి, దేనికో ఆనుకున్నట్టు నిలదొక్కుకుని వెళ్లిపోయింది.

"మీరిక ఇంటికి పోవచ్చు మాస్టారూ," అన్నాడు తమ్ముడు.

రెండేళ్ల కాపలా చాలించి మాస్టారు తన కుర్చీ మడిచారు.

ఆ రాత్రి ఉత్తరం రాసింది తమ్ముడు, చెప్పింది అక్క, మలుపు బొమ్మ గీసింది మాస్టారు:

"కార్యదర్శిగారికి. మీరు మాటిచ్చిన గోడ స్థానంలో ప్రస్తుతం మా ఇంట్లో అద్దెకున్న గాలి నిలబడి ఉంది. అది ఎండలోనూ వానలోనూ మీ పని చేస్తోంది. మా షాపులో ఇనుపరజను పేరుకుపోతోంది, పక్కావిడ గుడ్డలు ఆరడం లేదు. దానికీ ఒక ఇల్లుంది. వచ్చే పోటీ ఫిబ్రవరి ఇరవై రెండున అని మీరే ప్రకటించారు. ఈలోపు గోడ కట్టి, మా గాలిని మాకు పంపించండి. కడతారా, కట్టరా? ఒక్క ముక్కలో, రాతపూర్వకంగా, ఫిబ్రవరి అయిదో తేదీ సాయంత్రం అయిదు గంటల్లోగా మాకు జవాబు కావాలి."